చేయి తడవకుండా స్టౌట్ కాచుకునే చిట్కాలు

బద్ధకస్తుల కోసమే పుట్టిన బీరు స్టౌట్. లాగర్ కాస్తే మడ్డి, మసక, తేలే నలకలు అన్నీ గ్లాసులోంచి కనబడిపోతాయి. స్టౌట్‌లో ఏమున్నా కనబడదు. 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ మాల్టును నల్లగా వేయించే డ్రమ్ముకు పేటెంటు తీసుకున్నాడు. మన తప్పులన్నీ దాచే ఆ నలుపును ఆయన అప్పుడే సిద్ధం చేసి పెట్టాడు. ఇక మనం కష్టపడాల్సిన పనేముంది?

మెల్‌బోర్న్‌లో నలుగురు కలిసి అద్దె ఇంట్లో ఉంటున్న మనవాళ్ల కోసం ఈ చిట్కాలు రాస్తున్నాను. అక్కడ సొంతానికి బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ప్రభుత్వమే వచ్చి చూడనప్పుడు మీరు మాత్రం జాగ్రత్తగా ఎందుకుండాలి?

1. డబ్బా తెచ్చుకోండి, కాగితం చదవకండి. కూపర్స్ వాళ్ల స్టౌట్ డబ్బా 1.7 కిలోలు. నీళ్లు కలిపితే 23 లీటర్లవుతుంది. మూత కింద 7 గ్రాముల ఈస్ట్ పొట్లం ఉంటుంది. అడిలైడ్‌లో 1862 నుంచి బీరు కాస్తున్నవాళ్లు మాల్టు తీసి, హాప్స్ చేదు పట్టించి, పాకంలా చిక్కబరిచి ఇచ్చారు. అంటే ముప్పాతిక పని అయిపోయింది. మిగిలిన పావు పని ఎలా చేయాలో కాగితంలో ఉంటుంది. దాన్ని మడిచి, ఊగుతున్న టేబుల్ కోడు కింద పెట్టండి.

2. బకెట్ కడగకండి. బీరు కాచేవాళ్లు సగం ఆయుష్షు కడగడంలోనే పోగొట్టుకుంటారు. ముందు సబ్బుతో కడిగి, తర్వాత క్రిములు చావడానికి ఇంకో మందు పోసి, ఎయిర్‌లాక్, గరిటె, కుళాయి అన్నీ అందులో ముంచుతారు. పరాయి క్రిములు చేరితే బీరు చెడిపోతుందని పాశ్చర్ 1876లో ఓ పుస్తకమే రాశాడు. ఆయనకు ప్రయోగశాల ఉంది. మీకున్నది ఒక్క ఆదివారం.

నిరుడు ఆవకాయ కలిపిన ప్లాస్టిక్ బకెట్ బాల్కనీలో ఉండే ఉంటుంది. అదే తీసుకోండి. అడుగున నూనె జిడ్డుంటే అలాగే వదిలేయండి. జిడ్డు తగిలితే నురగ నిలబడదు, మూతికి మీసం అంటదు, తుడుచుకునే శ్రమ ఉండదు. ఎవరైనా మరీ పట్టుబడితే స్టీలు పీచుతో నాలుగు గీతలు పడేలా ఒకసారి రుద్దండి. క్రిములు ఆ గీతల్లో దూరి హాయిగా ఉంటాయి, మీ కంటికి మాత్రం కనబడవు. కంటికి కనబడకపోతే శుభ్రంగా ఉన్నట్టే.

3. పంచదార దండిగా పోయండి. డబ్బాకు తోడుగా మాల్టు పొడి కొనుక్కోమని దుకాణంవాడు చెబుతాడు. అది వేస్తే బీరు చిక్కగా ఉంటుందట. చిక్కదనంతో మనకేం పని? టీ కోసం తెచ్చిన పంచదార ఉండనే ఉంది, పైగా దాన్ని కొన్నది రూమ్మేటు. 23 లీటర్లలో ఒక్కో కిలోకు సుమారు రెండు శాతం ఆల్కహాలు పెరుగుతుంది. కాబట్టి మూడు కిలోలు పోయండి. బీరు పలచబడి, నాలుక మీద గరుకుగా తగిలి, మర్నాడు పొద్దున తల పగిలిపోతుంటే మంచి ఘాటైన సరుకు దిగిందని గుర్తు.

4. చల్లారేదాకా ఆగకండి. పాకాన్ని మరిగే నీళ్లలో కలపగానే, పొగలు పోకముందే ఈస్ట్ చల్లేయండి. అంత వేడికి ఈస్ట్ చచ్చిపోతుందని భయపెడతారు. చావనివ్వండి. వంటింటి గాలిలో ఉచితంగా తిరిగే క్రిములు బోలెడున్నాయి. బకెట్ మూత ఓరగా తీసి పెట్టండి, పిలవకుండానే వస్తాయి. పక్కనే దోసెల పిండి పులుస్తుంటే మరీ మంచిది. ఒకే మూలలో రెండు పనులూ అయిపోతాయి.

5. బకెట్‌ను పడమటి కిటికీ దగ్గర పెట్టండి. 18 నుంచి 22 డిగ్రీల్లో ఉంచాలంటే తడిగుడ్డ చుట్టాలి, ఐసు సీసాలు మార్చాలి. జనవరిలో మెల్‌బోర్న్ ఎండ కొన్ని రోజులు 40 దాటుతుంది, ఆ ఎండకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు. బతికున్న ఈస్ట్ ఏదైనా ఉంటే ఆ వేడికి చకచకా పనిచేసి, నెయిల్ పాలిష్ తీసే మందులాంటి వాసన వదులుతుంది. ఆ వాసన వచ్చిందంటే బీరు తయారవుతోందని అర్థం.

6. హైడ్రోమీటర్ కొనకండి. రెండు రోజులు వరసగా ఒకే అంకె చూపిస్తేనే పులియడం పూర్తయినట్టని చెబుతారు. గిన్నిస్ కంపెనీ కొలతలూ లెక్కలూ చూడటానికి విలియం గాసెట్ అనే ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుణ్ణి పెట్టుకుంది. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన రాసిన పద్ధతిని కాలేజీల్లో ఇప్పటికీ పిల్లలకు చెబుతున్నారు. జీతమిచ్చి ఓ మేధావిని కూర్చోబెట్టాల్సిన పని మీకెందుకు? శనివారం పార్టీ ఉంటే శుక్రవారానికి బీరు పులిసిపోయినట్టే.

7. బుడగలు వస్తుండగానే సీసాల్లోకి ఎత్తేయండి. బుడగలన్నీ ఆగేదాకా చూసి, మళ్లీ లీటరుకు ఏడెనిమిది గ్రాముల చక్కెర తూచి వేసి, రెండు వారాలు ఎదురుచూడటం పాతకాలపు చాదస్తం. నాలుగో రోజే ఎత్తితే గ్యాసంతా సీసాలోనే చిక్కుతుంది. పైనుంచి తలా ఓ గుప్పెడు చక్కెర వేయండి. బీరు సీసాలు మందంగా ఉంటాయి, వాటిని సేకరించడం పెద్ద తలనొప్పి. పాస్తా సాసు సీసాలు చాలు. మూతలు గట్టిగా బిగించి, అన్నింటినీ రూమ్మేటు బట్టల అలమరలో, తెల్ల చొక్కాల కింద పెట్టండి.

రాత్రి ఠప్పుమని వినబడితే లేవకండి. పేలిన సీసాను మళ్లీ కడిగే పనుండదు. ఒకటి పేలితే దాని పక్కదీ పేలుతుంది కాబట్టి తెల్లారేసరికి పని బాగా తగ్గుతుంది. గోడ మీద నల్లటి చారలు పడితే క్యాలెండర్ తగిలించండి. కార్పెట్ మీద పడితే సోఫా జరపండి. ఇల్లు చూడటానికి ఏజెంటు వచ్చిన రోజు ఆ సోఫాలోనే కూర్చుని, నడుం పట్టేసిందని చెప్పి లేవకండి. బాండ్ డబ్బులు వెనక్కి రాకపోయినా పోయేది నాలుగో వంతే, మిగతా మూడు వంతులు ఇంకొకళ్లవి.

8. సాకులు ముందే రాసిపెట్టుకోండి. అసలు ప్రతిభ ఇక్కడే కావాలి. పులుపెక్కితే, “ఇది బెల్జియం లాంబిక్ పద్ధతి, బ్రస్సెల్స్ చుట్టుపక్కల గాలిలోని ఈస్ట్‌తోనే పులియబెడతారు” అనండి. అది నిజమే కనక ఎవరు వెతికి చూసినా మీరే నెగ్గుతారు. వాళ్లు మూడేళ్లదాకా పీపాల్లో ఊరబెడతారన్న సంగతి మాత్రం ఎత్తకండి. నురగ రాకపోతే గ్లాసు కడిగినవాణ్ణి తిట్టండి. చప్పగా ఉంటే నీళ్లలో క్లోరిన్ అనండి. “అన్నా, ఇందులో ఆవకాయ వాసనొస్తోందే?” అని ఎవరైనా అడిగితే, “నీకు ఇంటిమీద బెంగ పట్టుకుంది తమ్ముడూ, ఈ దసరాకి ఓసారి వెళ్లిరా” అనండి. ఆ మాటకు వాడి కళ్లు చెమరుస్తాయి, గ్లాసు సంగతి మరిచిపోతాడు.

9. రెండో డబ్బాకు చందా వెంటనే వసూలు చేయండి. మొదటి గుక్క నోట్లో ఉండగానే అడగాలి, మింగాక ఎవరూ ఇవ్వరు. కొత్త బకెట్, కొత్త సీసాలు, అలమర రిపేరు అన్నీ కలిపి ఒకే అంకె చెప్పండి. వివరాలు అడిగినవాడికి ఈసారి కాచే బాధ్యత అప్పగించి, ఆవకాయ బకెట్ చేతికివ్వండి.