వేడి పిన్ని

పెళ్లింట్లో మొటిమలున్న పిల్ల భయపడాల్సింది ఫోటోగ్రాఫరుకి కాదు. అతను ఆల్బంలో మొహం నున్నగా చేసి ఇస్తాడు, ఆ ఊపులో ఒక్కోసారి ముక్కుపుడక కూడా మాయం చేస్తాడు. భయపడాల్సింది వేడి పిన్నికి.

ఆవిడ అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. మా కృష్ణా, గుంటూరు వైపు ప్రతి వంశంలోనూ ఒక వేడి పిన్ని ఉంటుంది. పెట్టి పుట్టిన వంశాల్లో ఇద్దరుంటారు, ఒకరి వైద్యం ఇంకొకరికి గిట్టదు. "ఎప్పుడొచ్చావే, ఏం చదువుతున్నావే" లాంటి కబుర్లతో ఆవిడ టైము పాడుచేసుకోదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గడ్డం ఇరికించి, మొహాన్ని ట్యూబులైటు వైపు తిప్పుతుంది. కళ్లజోడు ముక్కు చివరికి జారుస్తుంది. చుట్టూ నలుగురు చేరేదాకా ఆగుతుంది. అప్పుడు చెబుతుంది, వెనక వంటవాళ్లకి కూడా వినబడేట్టు: "వేడి చేసిందే నీకు!"

ఆవిడ శాస్త్రంలో రోగం ఒక్కటే. నోరు పూస్తే వేడి, కంటికి కురుపు లేస్తే వేడి, పిల్లాడు ఇంటర్ తప్పితే తలలో వేడి. మొటిమల దగ్గర మాత్రం కాస్త లోతుకి వెళుతుంది. నుదుటి మీదైతే చుండ్రు వేడి, బుగ్గల మీదైతే మామిడిపళ్ల వేడి, గడ్డం మీదైతే కోడిగుడ్ల వేడి. ముక్కు మీద ఒంటరిగా ఒకటి లేస్తే వేడి ఊసే ఎత్తదు, గొంతు తగ్గించి "ఎవరే వాడు?" అంటుంది.

2017లో 'ఫిదా' వచ్చినప్పుడు ఊరంతా సాయిపల్లవి డాన్సు గురించే మాట్లాడుకుంది. మొటిమల్ని మేకప్పు కింద దాచుకోకుండా తెర మీదికొచ్చిన కథానాయికని చూసి కాలేజీ ఆడపిల్లలు హమ్మయ్య అనుకున్నారు. పిన్ని మాత్రం ఇంటర్వెల్లో సమోసా తింటూ తెగ బాధపడింది. "షూటింగులో బాన్సువాడ ఎండలకి వేడి చేసింది పాపం. అంత డబ్బు పోసి సినిమా తీశారు, ఆ పిల్లకి గ్లాసుడు సబ్జా నీళ్లిచ్చే దిక్కు లేదా?"

మెడిసిన్ చదువుతున్న మా చెల్లెలు ఒకసారి ధైర్యం చేసి పాఠం చెప్పబోయింది. ఈడొచ్చేసరికి ఒంట్లో ఆండ్రోజన్ హార్మోన్లు పెరుగుతాయని, వాటి మాట విని చర్మంలోని నూనె గ్రంథులు జిడ్డు ఎక్కువ తయారుచేస్తాయని, ఆ జిడ్డూ చచ్చిన కణాలూ కలిసి రంధ్రానికి మూత వేస్తాయని, లోపల క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాపూ ఎరుపూ వస్తాయని, 12 నుంచి 24 ఏళ్ల మధ్య నూటికి 85 మందికి ఎంతో కొంత ఇది తప్పదని చెప్పుకుపోయింది. పిన్ని ఓపిగ్గా అంతా వింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"ఎర్రబడుతుంది అన్నావా లేదా?"

"అన్నాను."

"నేను చెప్పేదీ అదే. వేడి."

ఇక మందులు. భగవంతుడు వంటింటి సరుకులన్నీ మొహానికి రాసుకోవడానికే పుట్టించాడని, మిగిలితే తినొచ్చని పిన్ని నమ్మకం. శనగపిండి, పసుపు, పెరుగు, టమాటా ముక్క, అరగదీసిన జాజికాయ, ఇవన్నీ మర్యాదస్తులు. పిల్ల కాసేపు పచ్చగా తిరుగుతుంది, దిండు గలీబు పాడవుతుంది, చాలామందికి అంతకు మించి నష్టం ఉండదు. కలబంద గుజ్జు కొందరికి హాయిగా కూడా ఉంటుంది. పొద్దున్నే పాచి మొహంతో ఉమ్మి రాసుకోమన్నప్పుడు గొడవ మొదలవుతుంది. పళ్ల పేస్టు రాయమన్నప్పుడు ముదురుతుంది, ఎందుకంటే పళ్ల కోసం తయారైన సరుకు బుగ్గని మండించి పొలుసులు లేపుతుంది. వీటన్నిటినీ మించినవి నిమ్మకాయా, వంటసోడా. చర్మం స్వతహాగా కొంచెం ఆమ్లం, పీహెచ్ సుమారు 5. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, వంటసోడా కలిపిన నీళ్లు 8 దాటతాయి. ఆదివారం పొద్దున నిమ్మరసం, సాయంత్రం సోడా చవిచూసిన మొహానికి సోమవారం తాను ఏ ఊళ్లో ఉందో తెలియదు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగిలే ప్రమాదం వేరే ఉంది.

"మండుతోంది పిన్నీ!"

"మండాలే. మండితేనే పనిచేస్తున్నట్టు."

చర్మం డాక్టర్లు మండితే కడిగేసుకోమంటారు. వాళ్లకేం, వాళ్లు బయటివాళ్లు.

పిన్ని గాజులకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేళ్లాడుతుంటాయి. చీర కుచ్చిళ్లకని అందరూ అనుకుంటారు. తెల్లటి మొన తేలిన మొటిమ కంటపడ్డాక గానీ వాటి అసలు ఉద్యోగం తెలియదు. ఆవిడ పెళ్లికొడుకు జీతం గురించి మాట్లాడుతూనే ఉంటుంది. ఈలోగా కుడిచెయ్యి మెల్లిగా ఎడమచేతి గాజుల మీదికి పోతుంది. పిన్నీసు ఊడొస్తుంది. దాని మొనని పమిటచెంగుతో ఒకసారి తుడుస్తుంది, శుభ్రత తెలిసిన మనిషి కదా. "ఒక్క నిమిషం కదలకే" అనేసరికి ఆ చుట్టుపక్కల ఇరవయ్యేళ్ల లోపు వాళ్లెవరూ మిగలరు. గిల్లిన మొటిమలో చీము పైకి వచ్చినట్టే లోపలికీ పోతుంది, వాపు పెరుగుతుంది, చివరికి మచ్చో గుంటో మిగులుతుంది. ఆ సంగతి పిన్నికి తెలియదనలేం. ఆవిడ ఎడమ బుగ్గ మీదే చిన్న గుంట ఉంది. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని చెబుతుంది. మా అమ్మమ్మ కథనం వేరు.

పథ్యం దగ్గరికొచ్చేసరికి పిన్ని విశ్వరూపం చూడొచ్చు. మామిడిపండు బంద్, ఆవకాయ బంద్, కోడి బంద్, గుడ్డు బంద్, నువ్వుండ బంద్, బొప్పాయి పేరెత్తితే యుద్ధం. మే నెలలో ఇంటినిండా బంగినపల్లి వాసన గుప్పుమంటుంటే పదిహేడేళ్ల పిల్ల మూల కూర్చుని మజ్జిగన్నం తింటుంది. అదే చేత్తో పిన్ని, చలువ చేస్తుందని, నన్నారి షర్బత్తు రెండు గ్లాసులు పోస్తుంది, పంచదార అడుగున పేరుకునేలా. పడుకోబోయే ముందు బాదం పాలు. మధ్యలో పిల్ల నీరసపడకుండా బందరు లడ్డు. తెల్లన్నం సంగతి అడగొద్దు, అది తిండి లెక్కలోకే రాదు, గాలీ నీరూ పద్దులో జమ.

తమాషా ఏమిటంటే, తిండికీ మొటిమకీ సంబంధం లేదని డాక్టర్లు చాలాకాలం కొట్టిపారేశారు. 2007లో ఆస్ట్రేలియావాళ్లు 15 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లను 43 మందిని పట్టుకుని 12 వారాలు పరీక్షించారు. రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పెంచని తిండి తిన్నవాళ్లకి మొటిమలు బాగా తగ్గాయి. చక్కెర గబుక్కున పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది, అది నూనె గ్రంథుల్ని ఎగదోస్తుంది. పాల మీద, ముఖ్యంగా వెన్న తీసిన పాల మీద, జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కలుపుకు తాగే వే ప్రోటీన్ పొడి మీద కూడా అనుమానాలున్నాయి, అందరికీ వర్తించకపోయినా. అంటే తిండిలో ఏదో ఉందన్న మాట వరకూ పిన్ని పాతికేళ్లుగా కరెక్టే. కేసు సరిగ్గానే పెట్టింది, కాకపోతే గుడ్డుని జైల్లో వేసి షర్బత్తుని జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ సంగతి నేను ఆవిడ చెవిన వెయ్యలేదు. మొదటి సగం విని, "చూశారా, ఆస్ట్రేలియాలో కూడా నేను చెప్పిందే" అని ఊరంతా చాటుతుంది.

పిన్నితో వేగలేనివాళ్లకి బాబాయి ఉన్నాడు. ఆయనది మాటల్లేని వైద్యం. మెడికల్ షాపు కుర్రాడు కౌంటరు కిందనుంచి తీసిచ్చే ట్యూబు తెచ్చి చేతిలో పెడతాడు. మూడు రోజుల్లో మొహం తేటపడుతుంది, బాబాయి మీసం దువ్వుకుంటాడు. అందులో ఉన్నది స్టిరాయిడ్. ఆపగానే మొటిమలు బంధువర్గాన్ని వెంటబెట్టుకుని దిగుతాయి. ఆపకపోతే చర్మం పల్చబడి ఎర్రటి రక్తనాళాలు పైకి కనబడతాయి. ఇలాంటి పూతమందులు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. బాబాయికి తెలిసిన చీటీ నెలనెలా పాడుకునేది ఒక్కటే.

ఇంత వైద్యం తెలిసిన పిన్నికి సొంత కూతురి మొహమే లొంగలేదు. రెండేళ్ల పాటు ఆ పిల్ల చున్నీ చాటున కాలేజీకెళ్లింది. ఈ మధ్య మొహం తేరుకుంది. పసుపు మహిమ అని పిన్ని ప్రచారం. అసలు సంగతి ఆ పిల్లే ఒక రిసెప్షన్లో ఐస్‌క్రీమ్ కౌంటరు దగ్గర బయటపెట్టింది. పంటి డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, తల్లీకూతుళ్లిద్దరూ విజయవాడ వెళ్లి చర్మం డాక్టర్ని చూసొచ్చారట.

ఆ డాక్టరమ్మ నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగి, దీపం దగ్గరగా లాగి చూసి, చిన్న కాగితం రాసింది. రోజుకి రెండుసార్లు ఘాటులేని ఫేస్‌వాషుతో, గోరువెచ్చటి నీళ్లతో, రుద్దకుండా కడుక్కోవాలి. పగలు సన్‌స్క్రీన్. రాత్రి మొహం పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత అడాపలీన్ జెల్, మొటిమ మీద చుక్కలా కాకుండా మొహమంతా పల్చగా. దాని మీద రంధ్రాలు మూయని మాయిశ్చరైజర్. తలకి నూనె పెడితే నుదుటి మీదికి జారనివ్వొద్దు. స్వీట్లూ కూల్‌డ్రింకులూ తగ్గించాలి. గిల్లొద్దు. మొదటి కొన్ని వారాలు చర్మం ఎండిపోయి, మొటిమలు ఎక్కువైనట్టు కూడా ఉండొచ్చు, కంగారుపడకుండా మూడు నెలలు వాడి రమ్మంది.

పిన్ని కుర్చీలోంచి కదల్లేదు.

"మరి పథ్యం?"

"చెప్పానుగా అమ్మా, తీపి తగ్గించమని."

"అది సరేనండీ. మామిడిపండు?"

"ఒక పండు తిననివ్వండి, ఏం కాదు."

పథ్యం చెప్పని డాక్టరు డాక్టరేమిటని బస్టాండు దాకా గొణిగింది. ఫీజు గురించి బస్సులో గొణిగింది. రెండోవారం పొలుసులు లేచేసరికి "మందు పడలేదు" అని తీర్పిచ్చి ట్యూబు చెత్తబుట్టలో పడేసింది. పిల్ల దాన్ని తీసి, రికార్డు పుస్తకాల వెనక దాచి, రోజూ రాత్రి అమ్మ సీరియల్లో మునిగాక రాసుకుంది. ఇంట్లో శాంతి కోసం ఆదివారం ఆదివారం పసుపు కూడా పెట్టించుకుంది. మూడో నెలకి మొహం బాగుపడింది. పేరు పసుపుకి వచ్చింది.

కానీ డాక్టరమ్మ కాగితం పిన్ని బుర్రలో ఎక్కడో నిలిచిపోయింది. మొన్న డల్లాస్‌లో ఉన్న మేనకోడలితో వీడియోకాల్ మాట్లాడుతూ, ఉన్నట్టుండి గొంతు సవరించుకుంది. "రుద్దకూడదే. గోరువెచ్చటి నీళ్లతో కడుక్కో. రాత్రిపూట జెల్లు, బఠాణీ గింజంత చాలు. మూడు నెలలు ఓపిక పట్టాలి." మా నోట మాట రాలేదు. చెల్లెలికైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవతల ఆ పిల్లకి పెద్దవాళ్లని ఆటపట్టించడం సరదా.

"ఎండు బఠాణీయా అత్తా, నానబెట్టిందా?"

పిన్ని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నానబెట్టిందే. ఎండుది వేడి."