14 బిట్ల పెళ్లి

పెళ్లి ఫొటోగ్రాఫర్ల కొటేషన్లలో ఈమధ్య ఓ కొత్త పద్దు చేరింది. క్యాండిడ్ ఇంత, ట్రెడిషనల్ ఇంత, డ్రోన్ ఇంత, ఎల్‌ఈడీ వాల్ ఇంత అని రాసుకొచ్చాక, అడుగున బంగారు రంగు అక్షరాల్లో "రా షూట్: ప్రీమియం ప్యాకేజీకి మాత్రమే" అని ఉంటుంది. అదేమిటో పెళ్లికూతురి తండ్రికి తెలియదు. అడిగితే నామోషీ. తోడల్లుడు వాళ్లమ్మాయి పెళ్లికి పెట్టించాడని మాత్రం తెలుసు. ఇంకేం, సంతకం పడిపోతుంది.

ధైర్యం చేసి అడిగినవాడికి దొరికే జవాబు ఒక్కటే. "జేపెగ్‌లో క్వాలిటీ పోతుంది సార్, మనది 14 బిట్."

అంకెలో అబద్ధం లేదు. జేపెగ్‌లో ఎరుపు, పచ్చ, నీలాలకు ఒక్కోదానికి 256 మెట్లే. 14 బిట్ల రా ఫైలులో 16,384. జేపెగ్ అడిగితే కెమెరాయే అక్కడికక్కడ రంగులు తేల్చేసి, అక్కర్లేదనుకున్నది పారేసి, మిగిలినదాన్ని కుదించి చేతిలో పెడుతుంది. రా అడిగితే సెన్సర్ చూసినదాన్ని తీర్పు చెప్పకుండా దాచిపెడుతుంది. వైట్ బ్యాలెన్స్ కూడా అందులో ఒట్టి సూచనే, తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఇది అక్కరకొచ్చే చోటు ఏదైనా ఉందంటే అది మన పెళ్లి మండపమే. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. ఒకపక్క వీడియోవాళ్ల తెల్ల లైటు, ఇంకోపక్క డెకరేషన్‌వాళ్ల పసుపు బల్బులు, వెనక గులాబీ ఎల్‌ఈడీ, నడుమ హోమం మంట. ఆ లైటుకు మధుపర్కాల తెలుపు ఎగిరిపోయి, నేత కనిపించక చీర అట్టముక్కలా తేలుతుంది. పక్కనే నీడలో కూర్చున్న తాతగారికి కళ్లద్దాలు తప్ప ముఖం ఉండదు. జేపెగ్‌లో ఒకసారి ఎగిరిపోయిన తెలుపును ఏ మొనగాడూ వెనక్కి తేలేడు. రా ఫైలులో కొంత లాక్కురావచ్చు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా! (మళ్లీ పెట్టించే ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. పంతులుగారు మంత్రం ఆపి వాళ్లకేసి చూసే చూపు ఏ ఫార్మాట్‌లోనూ పట్టదు.)

అయితే లాక్కురాగలిగేది కొంతే. ఫోకస్ తప్పితే 14 బిట్లూ చేతులెత్తేస్తాయి. నీలం లైటు తప్ప ఇంకేమీ పడని ముఖంలోంచి ఎరుపును పుట్టించడం కుదరదు. ఎల్‌ఈడీ వల్ల ఫొటోకి అడ్డంగా పడ్డ చారలు రా అన్నంత మాత్రాన చెరిగిపోవు. చవక కెమెరాలో రా పెట్టి తలంబ్రాల దగ్గర గబగబా నొక్కితే బఫర్ నిండి అది నోరు మూసుకుంటుంది. వధూవరులు దోసిళ్లతో పోటీపడుతుంటే మన ప్రీమియం ఫొటోగ్రాఫర్ ఎర్రదీపం ఎప్పుడు ఆరుతుందా అని కాచుక్కూర్చుంటాడు.

ఇదంతా క్షమించవచ్చు. అసలు దగా మర్నాడు మొదలవుతుంది.

రా ఫైలు ఫొటో కావాలంటే దాని ముందు మనిషి కూర్చోవాలి. 4,000 ఫొటోలు తీసి, వడపోసి 600 మిగిల్చి, ఒక్కోదానికి 3 నిమిషాలు ఇచ్చినా 30 గంటలు. ఆ 30 గంటలకు డబ్బు కొటేషన్‌లో ఏ పద్దు కింద ఉంది? ఎక్కడా లేదు. అందుకని కొనుక్కొచ్చిన ప్రీసెట్ ఒకటి తీసి, పసుపు కొట్టిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నిటిమీదా ఒకే నొక్కుతో పులిమేస్తారు. పొద్దున కోసి కట్టిన మామిడి తోరణాలు పోయిన ఏడాదివిలా వాడిపోతాయి. అరిటాకులు గోధుమ రంగుకు తిరుగుతాయి. దానికి "సినిమాటిక్" అని పేరు.

ఆ తర్వాత ముఖాల వంతు. "అమ్మాయికి కొంచెం కలర్ పెంచు బాబూ" అని మేనత్తగారు చెబుతారు. చెప్పకపోయినా ఎడిటర్ పెంచుతాడు, అలవాటైపోయింది. చామనఛాయ పిల్ల చెంపమీద పసుపు, సిగ్గు, హోమం సెగ కలిసి ఎన్ని ఛాయలు పలుకుతాయో! వాటిని పట్టడానికేగా 16,384 మెట్లు. అన్ని మెట్లూ ఎక్కించి, చివరికి ఆ పిల్లను సున్నం కొట్టిన గోడ దగ్గర నిలబెడతారు. ఈ పనికి 1992 నాటి జేపెగ్ ఎక్కువే.

ఇటు జేపెగ్ వీరులనేమీ వెనకేసుకు రావడం లేదు. "నేను కెమెరాలోనే కరెక్టుగా తీస్తానండీ, రా నేర్చుకునేవాళ్లకి" అంటాడు పాతకాపు. వెలుగు చూసి నిజంగా అలా తీయగలవాళ్లకు దండం పెడతాను. మిగతావాళ్లు అదే జేపెగ్‌ను తెరిచి, దిద్ది, సేవ్ చేసి, మళ్లీ తెరిచి, మళ్లీ దిద్ది, మళ్లీ సేవ్ చేస్తుంటారు. సేవ్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత అరుగుతుంది. కరిజ్మా ఆల్బమ్‌లో 36 అంగుళాల షీటంతా పరిచేసరికి వధువు బుగ్గల మీద చిన్న చిన్న చదరాలు తేలతాయి.

పెళ్లివారు తక్కువ తిన్నారా? "డబ్బు మేమిచ్చాం, రా డేటా మొత్తం మా హార్డ్‌డిస్క్‌లో పోసెయ్యండి" అంటారు. ఒక్కో ఫైలు 30 ఎంబీ వేసుకున్నా 120 జీబీ. బాబాయిగారు పాత ల్యాప్‌టాప్‌లో నొక్కుతారు. తెరుచుకోదు. కేనన్ 2018లో సీఆర్3 అని కొత్త రకం ఫైలు తెచ్చింది, ఆ ల్యాప్‌టాప్‌కి దాని సంగతి తెలియదు. "ఫొటోలన్నీ పాడుచేసి ఇచ్చాడు వెధవ!" అని పంచాయితీ. కుర్రాడెవడో తెరిచి చూపిస్తే ఫొటోలు పేలవంగా, జీవం లేకుండా కనబడతాయి. రెండో పంచాయితీ. అవి దిద్దకముందు అలాగే ఉంటాయని చెప్పేవాడు అప్పటికి ఇంకో పెళ్లిలో ఉంటాడు.

ఇంతకీ ఈ మహా నిక్షేపం చేరేదెక్కడికి? డిజైనర్ దాన్ని జేపెగ్ చేసి ల్యాబ్‌కు పంపుతాడు. ల్యాబ్ ఆ జేపెగ్‌నే అచ్చువేస్తుంది. చుట్టాలు దాన్ని వాట్సాప్‌లో చూస్తారు. అక్కడ 2023లో హెచ్‌డీ మీట వచ్చింది గానీ దాన్ని నొక్కిన పెదనాన్నను నేనింకా చూడలేదు.

కాబట్టి పెళ్లికూతురి తండ్రిగారూ, అడ్వాన్సు ఇచ్చే ముందు బిట్ల లెక్క వదిలేయండి. కెమెరాలో కార్డులు రెండున్నాయా, రెండో కాపీ ఆ రాత్రే ఎక్కడికి చేరుతుంది, దిద్దే మనిషి ఎవరు, వాడికి ఎన్ని రోజులిస్తున్నారు, ఇవి అడగండి. కిందటి ముహూర్తాల్లో తీసిన ఆల్బమ్ ఒకటి తెప్పించుకుని, అందులోని వధువు అరచేతి రంగూ ముఖం రంగూ ఒకే మనిషివేనా అని చూడండి. కాకపోతే ఆ ప్రీమియం డబ్బు మిగుల్చుకుని, భోజనాల్లో ఇంకో స్వీటు వేయించండి.