సరుకు కన్నా కాగితం ప్రియం

విదేశీ సరుకును గుమ్మంలోనే ఆపడానికి ప్రభుత్వాలకు సుంకం ఒక్కటే చాలదు. లైసెన్సు, కోటా, నిషేధం కూడా కావాలి. సుంకం వేస్తే ఆ డబ్బు ఖజానాకు పోతుంది. కోటా పెడితే కొరత వల్ల పెరిగిన ధర లైసెన్సు చేజిక్కించుకున్నవాడి జేబులో పడుతుంది. ఖజానాకు దక్కేది దరఖాస్తు రుసుము.

ఈ విద్యలో స్వతంత్ర భారతం ఆరితేరింది. 1947లోనే ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆపైన దశాబ్దాల తరబడి, ఫ్యాక్టరీకి ఓ విడిభాగం తెప్పించుకోవాలంటే అది అవసరమేనని ఒక ఆఫీసు ఒప్పుకోవాలి, దేశంలో ఎక్కడా తయారవడం లేదని మరో ఆఫీసు రాసివ్వాలి. ఎవరో ఒకరు ‘మేం చేస్తున్నాం’ అంటే కథ ముగిసినట్టే. దాని ధరెంత, నాణ్యత ఏపాటి, ఎప్పటికి చేతికొస్తుంది అని అడగడం అధికప్రసంగం.

ముడిసరుకు కోటాను చాలాచోట్ల ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని బట్టి పంచేవారు. అందుకని ఉన్న యంత్రాలకే పని లేకపోయినా కొత్తవి బిగించడం తెలివైన వ్యాపారం. దుమ్ము పట్టిన యంత్రం కూడా కోటా సంపాదించి పెట్టేది! ఇలాంటి అనుమతుల విలువ 1964లో భారత జాతీయాదాయంలో 7.3 శాతమని ఆర్థికవేత్త ఆన్ క్రూగర్ 1974లో లెక్క తేల్చారు. అందులో సింహభాగం దిగుమతి లైసెన్సులదే.

క్రూగర్ లెక్క తేల్చిన 1974లోనే పార్లమెంటు ఒక వినతిపత్రం మీద దద్దరిల్లింది. పాండిచ్చేరి వర్తకులకు లైసెన్సులిప్పించమంటూ దాని కింద 21 మంది ఎంపీల సంతకాలున్నాయి. వారిలో చాలామంది ఆ సంతకాలు తమవి కావన్నారు. సంతకం అంత పలుకుతున్నప్పుడు నకళ్లు పుట్టకుండా ఉంటాయా?

నిషేధానిది మరో తీరు. బంగారం దిగుమతికి తలుపులు మూసిన కాలంలోనూ పెళ్లిళ్లలో నగలకు లోటు రాలేదు. దుబాయ్ నుంచి వచ్చే పడవలు ఆ పని చూసుకున్నాయి. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టాన్ని 1990లో రద్దు చేశారు.

1991లో పి.వి. ప్రభుత్వం యంత్రాలు, ముడిసరుకుల మీద లైసెన్సులు చాలావరకు ఎత్తేసింది. వాడుక వస్తువుల మీద మిగిలిన కోటాలు 2001 ఏప్రిల్ 1న గానీ పోలేదు. అదీ ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా కేసు గెలిచాక.

పాత అలవాటు పూర్తిగా పోలేదు. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలని, అది తక్షణం అమలవుతుందని ఉత్తర్వు వెలువడింది. మర్నాడే దాన్ని అక్టోబరు 31 దాకా వాయిదా వేశారు. ఆపైన లైసెన్సు స్థానంలో దిగుమతి నిర్వహణ వ్యవస్థ వచ్చింది. దీనికి ఢిల్లీ ప్రయాణం అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.