కొత్త కారుకు సారె సామాను

ఏమోయ్, కారు కొన్నావటగా! సంతోషం. స్వీట్లు మా ఇంటిదాకా రాలేదు, ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ కాయితం ఇలా తే, కళ్ళజోడు పెట్టుకోనీ. కారు ధర, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, సరే. దాని కింద ఈ ‘యాక్సెసరీస్ కిట్’ ఏమిటి? తలుపు పిడులకు క్రోమ్ తొడుగులు, కిటికీలకు క్రోమ్ పట్టీలు, తలుపు తీస్తే నేల మీద కంపెనీ గుర్తు పడే దీపం, ఏసీ కన్నానికి తగిలించే సెంటు బుడ్డి. పెళ్ళికూతురితో సారె పంపినట్టు పంపుతున్నారు. సారెలో అయితే కనీసం చలిమిడి ఉంటుంది.

మా రోజుల్లో షోరూమువాడు అది కావాలా, ఇది కావాలా అని అడిగిన పాపాన పోలేదు. అంబాసిడర్ గానీ ఫియట్ గానీ బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకు కూర్చోవడం, వచ్చిన రంగే మనకు నచ్చిన రంగు అనుకోవడం, అంతే. 1983 డిసెంబరులో మారుతి 800 మొదటి తాళం చెవులు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. కారు సుమారు 50 వేలు. అదే మాకు మహా సోకు. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఎడమవైపు అద్దం కూడా ఉండేది కాదు. ఎడమవైపు అద్దమెందుకు, బావమరిది ఉండగా? “ఏమైనా వస్తోందా?” అంటే తల బయటపెట్టి “ఏం లేదు, పోనీ బావా” అనేవాడు. లారీ వస్తున్నా అలాగే అనేవాడనుకో.

అసలు మేము సామాను కొనే పద్ధతే వేరు. ముందు రోడ్డెక్కేవాళ్ళం. ఏది లేక ఏడ్చామో అది తెలిశాక బెజవాడ ఆటోనగర్ వెళ్ళేవాళ్ళం. వేసవిలో హైదరాబాదు బయల్దేరితే నందిగామ దాటేలోపు పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో ఆవిరి పట్టి బండి మొరాయించేది. పంపుకి తడిగుడ్డ చుట్టి, చింతచెట్టు కింద సోడా తాగి, లోకాభిరామాయణం మాట్లాడుకుని, చల్లారాక కదిలేవాళ్ళం. అప్పట్నుంచీ డిక్కీలో ఒక పాత పంచె, ఒక నీళ్ళ డబ్బా. అవే మా యాక్సెసరీలు. రెక్సిన్ సీటు వీపు కాల్చేసరికి తెల్ల టర్కీ తువ్వాళ్ళు వచ్చాయి. ఉక్కపోతకు డ్యాష్‌బోర్డు మీద బుల్లి ఫ్యాను బిగించాం. గాలి డ్రైవరుకి, చప్పుడు వెనక సీటువాళ్ళకి. ఎంత హాయి! ఇప్పుడు మా మనవడి కారులో వెనక సీటుకు కూడా ఏసీ ఉంది. నేను ఎక్కిన ఐదు నిమిషాలకే గురక పెడతానని వాడంటాడు. అబద్ధం. పది నిమిషాలు పడుతుంది.

నువ్వేమో ఇంకా ఒక్క కిలోమీటరన్నా నడపకుండానే లక్షకు దగ్గరగా సామాను రాయించుకున్నావు. కొట్టేయించు ఆ క్రోమంతా. షోరూములోనే కొనాలని శాసనమేమీ లేదు. నిజంగా కావలసినవి ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో బేరమాడి కొనుక్కో. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. వైరు కోసి హారన్లూ లైట్లూ తగిలించేవాడి దగ్గరకు పోకు. కప్లర్‌తో బిగిస్తే సరి, లేకపోతే రేపు కరెంటు లైన్లో ఏ తేడా వచ్చినా వారంటీ వర్తించదంటారు.

ఎండకు నల్ల ఫిల్ము వేయిస్తానంటావా? 2012లో సుప్రీంకోర్టు వాటిని పీకించింది. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. మే నెల బెజవాడ ఎండ ఢిల్లీలో జడ్జీలకేం తెలుసని నేనూ సణిగాను. ఢిల్లీ ఎండ ఇంకా ఘోరమట, మా కోడలు చెప్పింది. నిలబెట్టినప్పుడు ముందు అద్దానికి అడ్డంగా వెండిరంగు రేకు పెట్టుకో, చాలు. ముందు ఆ ఇనుప గార్డు కూడా వద్దు. 2017 చివర్లో కేంద్రమే అది చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. అది నేరుగా ఛాసీకి బిగిస్తారు. గుద్దినప్పుడు నలిగి దెబ్బ తినాల్సిన ముందుభాగం నలగదు, ఆ దెబ్బ లోపలున్న నీకు తగులుతుంది. అడ్డొచ్చిన పాదచారి సంగతి చెప్పక్కర్లేదు.

సీటు కవర్లు సరే, వేయించుకో. కానీ సీటు పక్క కుట్టులో ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న చీటీ ఉంటే, ఆ కుట్టు విడిపోయేట్టు కుట్టిన కవరే కొను. మామూలు కవరు బిగించి కుడితే సంచి లోపలే ఉండిపోతుంది. అలాగే పక్క సీటు ఎదురుగా, ఎయిర్‌బ్యాగ్ మూత మీదే వినాయకుణ్ణి జిగురుతో అతికిస్తున్నారు. ఆ సంచి రెప్పపాటులో తెరుచుకుంటుంది, స్వామివారు ఎదుటివాడి మొహం మీదకు వస్తారు. అద్దానికి కింద ఓ మూలన పెట్టు, భక్తికేం తగ్గదు. దుర్గమ్మ కొండ దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించావుగా.

మ్యాట్ల మీద మ్యాట్లు వేస్తున్నావు, చూశాను. పైది జారి బ్రేకు కిందకు వెళ్తే నువ్వెంత తొక్కినా ఏం లాభం? ఒక్కటే వెయ్యి, కొక్కేనికి తగిలించు. సీటు బెల్టు పెట్టుకోకుండా బీప్ ఆపే క్లిప్పు కూడా కొన్నావా? 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళచేత అవి తీయించింది. మా రోజుల్లో బెల్టూ లేదు, బీపూ లేదు, ఎంత ప్రశాంతం! కొంతమంది తిరిగి రాలేదు, అది నిజమే.

ఇంత లిస్టులో నీ మూడేళ్ళ పిల్లకి సీటు ఏది? సెంటు బుడ్డి రాసినవాడికి అది తట్టలేదు. 2019 సవరణతో పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండాల్సిందే, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మీ ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుందా? మేమూ అలాగే పెంచాం, కానీ మా బండి గంటకు నలభై దాటితే తలుపులు వణికేవి. నీది వంద దాటినా తెలియదు. ఆ క్రోమ్ డబ్బుతో ముందు ఆ సీటు కొను. మిగిలితే గాలి కొట్టే చిన్న పంపు, పంక్చరు కిట్టు.

డిక్కీ ఎత్తి స్టెప్నీ ఉందో లేదో కూడా చూశావా? 2020 నుంచి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే మీటరు, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకుండా అమ్మినా ఫరవాలేదన్నారు. స్టెప్నీ లేని కారేమిటయ్యా, విడ్డూరం! ఉంటే అందులో గాలి చూసుకో. జాకీ, ఎర్ర త్రికోణం ఎక్కడున్నాయో వెతుక్కో. నీకు చక్రం మార్చడం రాదని నాకు తెలుసు. ఆదివారం రా, మా వాకిట్లో నేర్పిస్తాను. నట్లు విప్పేదాకా నేను చూపిస్తాను, ఆ తర్వాత నడుం పట్టేస్తే ముందు నన్ను లేపి కూర్చోబెట్టు, చక్రం సంగతి తర్వాత.