గుమ్మడికాయకు రెండు ముళ్లు

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో కొత్త ఇల్లు లేస్తుంటే రోడ్డు మీద నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. ఆ ఇంటి మీద అందరికన్నా భద్రంగా ఉన్నదెవరో తెలిసిపోతుంది. నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ. దాని నడుముకు బైండింగ్ వైరు, వైరుకు రెండు చుట్లు, పైన ఒక మేకు. గాలిదుమారం వచ్చినా కదలదు. పక్కనే బూడిద గుమ్మడికాయ, దానికో ఉట్టి, ఉట్టికి రెండు ముళ్లు. ఈ రెంటికీ నడుమ, మూడో అంతస్తు ఎత్తులో, గోవ కట్టెల మీద పరిచిన ఒంటి చెక్క మీద నిలబడి గోడకు రంగు కొడుతున్న మనిషికి మాత్రం ఏ ముడీ లేదు. అతన్ని పట్టుకుని ఉన్నది అతని కాలి బొటనవేలు.

తప్పేమీ లేదు. ఇంటికి దిష్టి తగిలితే మళ్లీ ఇల్లు కట్టుకోలేం. మనిషికి తగిలితే పొద్దున్నే అడ్డా మీద ఇంకొకడు దొరుకుతాడు.

మనకు రక్షణ పరికరాలు లేవని పట్నం ఇంజినీర్లు అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. లేకేం, ఉన్నాయి. అన్నీ మన జిల్లాల తయారీయే. ఇంటాయన మేస్త్రిని అడుగుతాడు: "బెల్టులు గిట్ల ఏం లేవా?" మేస్త్రి నవ్వుతాడు: "బెల్టెందుకు సార్? ఇరవయ్యేండ్ల సంది ఎక్కుతున్నరు. పైలంగ చేస్తరు." ఇంటాయనకు ప్రాణం కుదుటపడుతుంది. పైలం! బరువుండదు, తుప్పు పట్టదు, జీఎస్టీ పడదు. దానికున్న లోపం ఒక్కటే. పది మీటర్ల ఎత్తునుంచి జారిన మనిషి సుమారు సెకనున్నరలో, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నేల తాకుతాడు. కిందివాడు "పైలం బిడ్డా" అని నోరు తెరిచి మూసేలోగా అంతా అయిపోతుంది.

రెండో పరికరం తలకు చుట్టిన రుమాలు. సైటు మీద హెల్మెట్ కూడా ఒకటి ఉంటుంది, ఇంజినీర్ సారు వచ్చినప్పుడు ఆయనకు పెట్టడానికి. ఆయన నిలబడేది నేల మీదే.

ఇక చట్టం. 1996లో నిర్మాణ కార్మికుల కోసం కేంద్రం ఒక మంచి చట్టమే చేసింది. గోవ ఎట్లా కట్టాలి, అంచుకు కంచె ఎట్లా ఉండాలి, బెల్టు ఎప్పుడు వేయాలి అని నిబంధనలన్నీ 1998లో రాశారు. అయితే ఆ చట్టం వర్తించాలంటే పని మీద పదిమంది ఉండాల్సి ఉండేది. మన మేస్త్రి లెక్కలో ఎప్పుడూ తొమ్మిదిమందే. పదోవాడు చాయ్ తేవడానికి పోయి ఉంటాడు, లేదా ఆ రోజే ఊరికి పోయి ఉంటాడు. పది లక్షలలోపు ఖర్చుతో సొంతానికి ఇల్లు కట్టుకునేవాళ్లను కూడా ఆ చట్టం వదిలేసింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ హద్దును యాభై లక్షలకు పెంచింది. అంటే మన టౌన్లలో కట్టే ఇళ్లు చాలావరకు దాని బయటే. ఇల్లు ఎవరిదైనా, దాని మీది నుంచి పడడం మాత్రం పడినవాడి సొంత వ్యవహారమన్నమాట.

డబ్బుల్లేక అనుకునేరు! కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలవుతూనే ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు లెక్క అడిగితే దేశమంతా కలిపి 37,400 కోట్లకు పైగా పోగైందని, కార్మికుల పేరిట వాడింది 9,500 కోట్లేనని తేలింది. ఆ వాడినదాంట్లోనూ కొన్నిచోట్ల ల్యాప్‌టాపులు, వాషింగ్ మెషీన్లు కొన్నారట. మూడో అంతస్తు నుంచి పడ్డవాడి బట్టలు ఎవరో ఒకరు ఉతకాలి కదా, ముందుచూపు మెచ్చుకోవాల్సిందే.

అన్నీ తిట్లే అయితే పాపం. మన సర్కారు ఒక మంచి పని చేసింది. మోకుజారి పడి గీత కార్మికుడు మృతి అన్న వార్త జిల్లా పేజీలో చదవని తాటికల్లు కాలం మా నల్లగొండ వైపు ఉండదు. 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్ష కిట్లను గీత కార్మికులకు అందజేశారు. తరాల నుంచి మోకు, ముత్తాదు నమ్ముకున్నవాళ్ల ఒంటికి హార్నెస్ వచ్చింది. కాలు జారినా మనిషి చెట్టును పట్టుకునే ఉండాలన్నది దాని సూత్రం. ఇది గౌడన్నలు సంఘాలు పెట్టుకుని, ఏళ్ల తరబడి అడిగి అడిగి తెచ్చుకున్నది. ఎవరూ పిలిచి ఇచ్చింది కాదు.

అదే ఊళ్లో, అదే గౌడన్న పక్కింటి పిల్లగాడు తాటిచెట్లు లేక పట్నం పోయి, పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్ బయటిగోడకు జూలా మీద వేలాడుతూ రంగులేస్తాడు. వాడికి కిట్టు లేదు. ఎందుకు లేదని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఒక్కటే: గోడకు దేవుడు లేడు. చెట్టుకు కాటమయ్య ఉన్నాడు, చెరువు కట్టకు కట్టమైసమ్మ ఉంది. అపార్ట్‌మెంట్ బయటిగోడకు ఎవరున్నారు? కిట్టుకు పేరు పెట్టాలన్నా ఇబ్బందే. పైగా ఈ పిల్లగాడి ఓటు ఊళ్లో, పని పట్నంలో లేదా బొంబాయిలో. పాలమూరులో రంగులేసేవాడి ఓటేమో బిహార్‌లోనో, ఒడిశాలోనో. ఎవరి గోడ మీది నుంచి పడ్డా పోయే ఓటు వేరే చోటుది. అందుకే మన నాయకులకు నిబ్బరం.

జూలా గురించి రెండు మాటలు, ఎందుకంటే అసలు సంగతి అక్కడుంది. పైన వాటర్ ట్యాంకు పిల్లరుకు ఒక తాడు కడతారు. ఆ తాడుకు చెక్క, చెక్క మీద మనిషి, వాడి పక్కన రంగు బకెట్టు. కొందరు జాగ్రత్తపరులు బెల్టు కూడా పెడతారు, కాకపోతే దాన్ని తీసుకెళ్లి అదే తాడుకు తగిలిస్తారు. పిట్టగోడ అంచుకు రాసుకుని తాడు తెగితే చెక్క, మనిషి, బెల్టు, బకెట్టు కలిసే వస్తాయి. కావలసింది రెండో తాడు, వేరే పిల్లరుకు. జారినప్పుడు దాన్ని గట్టిగా కరుచుకునే రోప్ గ్రాబ్ అనే చిన్న ఇనుప ముక్క. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు కాదు, అది ఆపే కుదుపుకే వెన్ను విరగొచ్చు. తొడలు, భుజాలు, ఛాతీ కలిపి పట్టే హార్నెస్, దాని మీద ఐఎస్ 3521 గుర్తు. పిట్టగోడ అంచున తాడు కింద ఒక మెత్త. పడి వేలాడేవాడిని నిమిషాల్లో దించడానికి పైన ఒక మనిషి, ఎందుకంటే వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి అదీ ప్రాణం తీస్తుంది. మరీ తక్కువ ఎత్తయితే బెల్టు తాడు సాగి ఆపేలోగా నేలే వస్తుంది. అక్కడ బెల్టు కన్నా గోవకు నిండు పలకలు, నడుమెత్తు కంచె నయం. ఇదేమీ రాకెట్టు కాదు. గృహప్రవేశం నాడు కోసే యాటపోతు ధరకు నాలుగు హార్నెస్‌లు వస్తాయి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు, 1937కు ముందే, పనివాళ్ల కింద వల కట్టారు. అందులో పడి 19 మంది బతికారు. చివరికి ఒక ప్లాట్‌ఫారం విరిగి వలతో సహా పడిపోతే పదిమంది పోయారు కూడా, అది వేరే సంగతి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1955 డిసెంబర్ 10న, మా నల్లగొండ గడ్డ మీద నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాది రాయి వేశారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. కర్రల గోవల మీదుగా రాళ్లు మోసి అంత ఎత్తు ఆనకట్ట లేపారు. ఆ చేతులను పొగిడిన సభలకు లెక్కలేదు. ఎక్కడ పెద్ద కట్టడం లేచినా పాలమూరు లేబర్ ఉండాల్సిందేనన్న గొప్ప కూడా మనదే. గొప్పకు ఎవరూ తాడు కట్టలేదు.

అయ్యా, ఇల్లు కట్టుకుంటున్న ఆసాములారా! రంగుల మేస్త్రి ఎస్టిమేటు ఇస్తాడు. అందులో పుట్టీ ఉంటుంది, ప్రైమరు ఉంటుంది, రెండు కోటింగులు ఉంటాయి, చాయ్ పైసలు కూడా ఉంటాయి. రెండో తాడు, హార్నెస్ అనే లైను ఉందో లేదో చూడండి. లేకుంటే మీరే రాయించి, ఆ పైసలు మీరే ఇచ్చి, సామాను సైటుకు వచ్చిన తర్వాతే పని మొదలుపెట్టమనండి. మేస్త్రి నవ్వితే నవ్వనివ్వండి.