అరబ్బు ఎడారిలో జింకల వేట: కొత్తవాళ్లకు ఎనిమిది చిట్కాలు

కొలరాడోలో ఉన్న బావమరిది లాటరీలో వేట పర్మిట్ సంపాదించి, సర్కారు అడవిలో దుప్పిని కొట్టి, దాని పక్కన మోకాలి మీద కూర్చుని ఫొటో పెట్టాడు. షార్జా ఫ్లాట్‌లో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి మీకు నిద్ర లేదు. వాడికున్న అదృష్టం మనకెందుకు లేదు? ఎమిరేట్స్ రోడ్డు దాటితే కనుచూపు మేర ఖాళీ నేలే కదా! జింకలకూ కొదవ లేదు. ఇసుక దిబ్బల్లో రీమ్ జింక, కొండవాలుల్లో అరేబియా జింక, నిటారు కొమ్ముల తెల్లటి ఓరిక్స్. అడ్డమల్లా ఒక్కటే, 1983 నాటి యూఏఈ ఫెడరల్ వేట చట్టం. చట్టమంటే జంకేవాళ్లు వంటల పేజీకి వెళ్లిపోవచ్చు. మిగిలినవాళ్లు పెన్నూ కాగితం తీసుకోండి.

1. ముందు పోరంబోకు గుర్తుపట్టండి

మన ఊళ్లో కంచె లేని నేల కనిపిస్తే పోరంబోకు అనుకుంటాం. మేకలు మేపుతాం, ఇటుకలు కాలుస్తాం, ఎన్నికల ముందైతే గుడిసె కూడా వేసేస్తాం. ఎడారి కూడా అంతేనని నమ్మి బయల్దేరండి. ఇక్కడ ఇసుకకు కూడా హక్కుదారు ఉంటారనీ, అది ఆయా ఎమిరేట్ ప్రభుత్వమేననీ ఎవరైనా అంటే కాగితాలు చూపించమని గదమాయించండి. చూపిస్తారు.

2. జింకలు ఎక్కువున్న చోటుకే పోండి

వెతుకులాట దండగ. దుబాయ్ ఎడారి సంరక్షణ కేంద్రం 225 చదరపు కిలోమీటర్లు, చుట్టూ కంచె, లోపలంతా ఓరిక్స్‌లూ రీమ్ జింకలూ. కంచె దూకడం మీ వయసుకు కష్టమైతే అల్ మర్మూమ్ ఉంది, దుబాయ్ ఎమిరేట్‌లో దాదాపు పదోవంతు. అల్ ఖుద్రా చెరువుల దగ్గర సైకిళ్లు పోతున్నా ఓరిక్స్‌లు తల తిప్పి చూడవు. మనిషిని చూసి జింక పరిగెత్తలేదంటే ఆ నేల మీద చాన్నాళ్లుగా తుపాకీ పేలలేదన్నమాట. మీలాంటి చురుకైనవాడికి అంతకంటే ఏం కావాలి?

సర్ బనీ యాస్ దీవి ఇంకా మేలు. షేక్ జాయెద్ పెంచి పోషించిన అభయారణ్యం అది. జింకలు మితిమీరకుండా చూడటానికి అక్కడ చీతాలున్నాయి. వేటకు అనుమతి వాటికే. మీరూ దరఖాస్తు పెట్టుకోండి, అర్హతలు అనే గడిలో గంటకు ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తగలరో రాయండి.

3. జమ్మి నీడ వదలకండి

ఇక్కడివాళ్లు గాఫ్ అని పిలిచేది మన జమ్మిచెట్టునే. తెలంగాణకు రాష్ట్ర వృక్షం, ఈ దేశానికి జాతీయ వృక్షం. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు చిహ్నంగా పెట్టుకున్నదీ దీన్నే. మిట్టమధ్యాహ్నం జింకలు చేరేది ఆ నీడకే. పాండవులు తమ ఆయుధాలు జమ్మి మీదే దాచారు కాబట్టి మీ తుపాకీ కూడా అక్కడే కట్టేయండి. చుట్టుపక్కల నాలుగు మైళ్లలో నిలబడి ఉన్నది ఆ చెట్టొక్కటే అయినా, దాని కింద మీ ల్యాండ్ క్రూయిజర్ మెరుస్తున్నా దిగులు పడకండి. అజ్ఞాతవాసం ఏడాది సాగాలని ఎక్కడుంది? సాయంత్రం దాకా సాగితే చాలు.

4. నీళ్ల దగ్గర కాపు కాయండి

బనీ యాస్ తెగ వేటగాళ్లు ఒక జింక వెంట పోయి మంచినీటి ఊట కనుక్కున్నారనీ, అక్కడే అబుదాబి వెలిసిందనీ ఐతిహ్యం. జింక వెంట పోయినవాళ్లకు రాజధానే దక్కినప్పుడు మీకు కనీసం రెండు వందల గజాల ప్లాటన్నా దక్కదా! ఇప్పుడు అభయారణ్యాల్లో నీటితొట్టి నింపేదీ, గడ్డి వేసేదీ అక్కడి సిబ్బందే. వాళ్లు వచ్చే వేళ కనుక్కుని, సరిగ్గా ఆ వేళకే తొట్టి పక్కన పడుకోండి. చెట్టుకు కట్టిన కెమెరా కనిపిస్తే తల దువ్వుకోవడం మర్చిపోవద్దు. ఆ ఫొటో చాలామంది చూస్తారు.

5. మన ఊరి మనిషిని పట్టుకోండి

కొత్త ప్రాంతంలో దారి తెలిసినవాడే దిక్కు. ఎడారి లోపల ఒంటెల మజ్రాలో, అంటే ఫారంలో, జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన అన్న ఉంటాడు. ఏ జాడ జింకది, ఏది మేకది, ఏది నక్కది అన్నీ చెప్తాడు. "అన్నా, జర సాయం చెయ్యే" అని రెండు సమోసాలు చేతిలో పెట్టండి. ఊరి అప్పు తీరడానికి ఇంకా రెండేళ్లున్న మనిషి మీ సరదా కోసం వీసా పోగొట్టుకోడానికి సంతోషంగా ఒప్పుకుంటాడనే మా నమ్మకం. ఆయన ఫోన్ తీసి కఫీల్‌తో, అంటే తన యజమానితో, మాట్లాడుతుంటే మీకు టీ చెప్తున్నాడనుకోండి.

6. ఆయుధం సంగతి

అబుదాబిలో 2003 నుంచి వేట, గుర్రపుస్వారీ ప్రదర్శన జరుగుతోంది. తుపాకులు అద్దాల వెనక ధగధగలాడుతుంటాయి. లైసెన్సు అడిగితే ఎమిరేట్స్ ఐడీ చూపించండి, దాని మీద కూడా మీ ఫొటోనే ఉంది కదా.

కుదరకపోతే డేగను పెంచండి. సంప్రదాయ పద్ధతిలో డేగలతో వేటాడటానికి అబుదాబి ఎమిరేట్‌లో అల్ మర్జూమ్ అనే ప్రత్యేక క్షేత్రం ఉంది, 923 చదరపు కిలోమీటర్లు. నిబంధనలూ పర్మిట్లూ అన్నీ ఉంటాయి గనక అందులో మజా లేదు. పైగా ఈ దేశంలో డేగలకు పాస్‌పోర్టులు ఇస్తారు. మీతో పాటు దాన్ని కూడా పట్టుకుంటే, దాని పాస్‌పోర్టు దాని దగ్గరే ఉంటుంది.

7. పట్టుబడితే సంస్కృతి చెప్పండి

రాముడంతటివాడే జింక వెనకాల వెళ్లాడనండి. తరవాత ఏమైందని ఆఫీసరు అడిగితే మాట మార్చండి. నైజాం నవాబులు వేటాడేవారని చెప్పండి. ఆ వేటచోటు హైదరాబాద్ వనస్థలిపురంలోనే ఉందనీ, 1975 నుంచి అది మహావీర్ హరిణ వనస్థలి అనే జింకల పార్కు అయిందనీ చెప్పకండి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువనీ, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువనీ, మన దేశంలో కూడా 1972 వన్యప్రాణి చట్టం ఉందనీ అసలే చెప్పకండి. "మరి మీ ఊళ్లోనే వేటాడుకోకపోయావా?" అని ఆయన అడిగితే దానికి మా దగ్గర చిట్కా లేదు.

8. పనిచేస్తాయా అని అనుమానించకండి

ఈ సలహాలు వట్టి మాటలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇవన్నీ ఒకసారి పాటించి చూసినవే. ఎడారిలోకి మోటారు బళ్లూ రైఫిళ్లూ వచ్చాక, ఖాళీ నేల ఎవరిదీ కాదనుకున్నవాళ్లంతా తలో చెయ్యి వేశారు. 1972 నాటికి అడవి ఓరిక్స్ ఒక్కటీ మిగల్లేదు. అంతకు పదేళ్ల ముందు కొన్నిటిని కాపాడి అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలలో పెంచబట్టి ఆ జాతి నిలిచింది.

1982లో వాటి సంతతిని ఒమన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో వదిలారు. మంద 450 దాకా పెరిగింది. దొంగవేటగాళ్లు మళ్లీ ఇవే చిట్కాలు పట్టుకున్నారు. 65 మిగిలాయి. ఒమన్ ప్రభుత్వం కూడా అక్కడి ఓరిక్స్ అభయారణ్యాన్ని 90 శాతం కుదించింది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. ఆ జాబితా నుంచి ఒక చోటును తొలగించడం అదే మొదటిసారి.

రెండుసార్లు పాటించారు, రెండుసార్లూ పనిచేశాయి. మూడోసారి ఎప్పుడన్నది మీరు బయల్దేరేదాన్ని బట్టి ఉంటుంది.