మీ ఇంటి బండ్లు షెడ్డులోనే ఉన్నాయా?

2017 ఫిబ్రవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్పీకర్ కోడెల శివప్రసాదరావు గారు ఆడవాళ్ల గురించి అన్న మాట మీద రాష్ట్రమంతా విరుచుకు పడింది గానీ, నాకైతే ఆ మాటలో చిక్కేమీ కనబడలేదు. బండి కొని షెడ్డులో పెట్టుకుంటే ప్రమాదం జరగదు. రోడ్డెక్కిస్తే జరుగుతుంది. వేగం 50 నుంచి 100కు పెంచితే ఇంకా జరుగుతుంది. ఆడవాళ్లూ అంతే. దీంట్లో అర్థం కానిదేముంది? మహిళా పార్లమెంటు అని పేరు పెట్టి, వేలమంది ఆడపిల్లలను విజయవాడ దగ్గరి పవిత్ర సంగమానికి పిలిచి, వాళ్లు బస్సులెక్కకముందే ఆ సభ పెట్టే పెద్దమనిషే ఈ సంగతి చెప్పేశారు. ఇంత నిజాయితీ గల ఆహ్వానపత్రిక దేశంలో ఏ సదస్సుకూ అచ్చయి ఉండదు. రండమ్మా, వస్తే గుద్దుతారు.

పైగా ఆయన డాక్టరు. డాక్టరు సలహాలో దోషాలెంచకూడదు. అసలు పుట్టకపోతే ఏ జబ్బూ రాదు గదా. ఆడపిల్లల విషయంలో ఆ సలహాను కొన్ని స్కానింగు సెంటర్లు ఎప్పట్నుంచో గుట్టుగా పాటిస్తూనే ఉన్నాయి.

కాబట్టి ఇప్పుడు కావలసింది విమర్శ కాదు, అమలు. ఆడవాళ్ల వ్యవహారాలన్నీ స్త్రీ శిశు సంక్షేమ శాఖ నుంచి ఊడబెరికి రవాణా శాఖకు అప్పజెప్పాలి. ముఖ్యమంత్రి గారి సొంత జిల్లా కాబట్టి పైలట్ ప్రాజెక్టు మా చిత్తూరులోనే మొదలు పెట్టాలి. మాకు అన్నీ పైలట్ ప్రాజెక్టులే, అలవాటే.

పుట్టగానే తండ్రి పేరు మీద తాత్కాలిక రిజిస్ట్రేషను. పెళ్లినాడు యాజమాన్య మార్పిడి, నంబరు ప్లేటు మీద కొత్త ఇంటిపేరు. ఇక్కడ మాత్రం చట్టాన్ని కొంచెం సవరించుకోవాలి. మామూలు బండికి కొనేవాడు డబ్బు కడతాడు. ఈ బండికి అమ్మేవాడే ఎదురు డబ్బు కట్టి, పైన ఇంకో అసలు బండిని, బుల్లెట్టో కారో, తోడిచ్చి సాగనంపుతాడు. ఆ కారు మాత్రం రాత్రి పన్నెండింటికి కూడా తిరుపతి బైపాసు మీదే తిరుగుతుంటుంది. దాన్ని షెడ్డులో పెట్టమని ఇంతవరకు ఏ అత్తగారూ అనలేదు.

పొగ పరీక్షకు వేరే కేంద్రాలు అక్కర్లేదు. ఎవరి బండి ఎంత పొగ వదిలిందో ప్రతి వీధి అరుగు మీదా సాయంత్రం ఆరింటికల్లా తేల్చేస్తారు, ఉచితంగా. మైలేజీ సంగతి అడగనే వద్దు. రాత్రి మిగిలిన సంగటి పోస్తే పొద్దున నాలుగింటి నుంచి పరుగే. సర్వీసింగు అడగదు, మూలిగితే పట్టించుకునేవాళ్లు లేరు. చిక్కల్లా పర్మిటు దగ్గరే. రేపు ఈ విధానం అమల్లోకి వచ్చాక రవాణా కార్యాలయంలో ఏం జరుగుతుందో నాకు ఇప్పుడే వినబడుతోంది.

"ఏం మా, యాడికి పోతా ఉండాది బండి?"

"బండి గాదు సార్, మనిషిని. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోతా ఉండా. తెల్లారకముందే పోవాల."

"చీకట్లో రోడ్డెక్కేదానికి పర్మిటు ఉండాదా?"

"కాయ కుళ్లిపోతాది సార్."

"కాయ సంగతి మార్కెట్ కమిటీని అడుగు. ఓనరు యాడ?"

"ఇంట్లో పడుకోనుండాడు."

"ఆయన్ను పిలుచుకోనొచ్చి సంతకం పెట్టించు."

"లేసే స్థితిలో లేడు సార్. రాత్రి తాగినాడు."

"చూడు మా, నీ మంచికే చెప్తా ఉండా. రోడ్డు మీద తాగినోళ్లు ఉంటారు. షెడ్డుకు పో."

"తాగినోడు ఉండేది షెడ్డులోనే గదా సార్."

గుమస్తా కళ్లద్దాలు సర్దుకుని ఫారం ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తాడు. దాంట్లో ఆ కాలమ్ లేదు.

అమలుకు కావలసిన అనుభవం కూడా మా దగ్గరుంది. తిరుమల ఘాట్ రోడ్డులో అలిపిరి దగ్గర టైము కొట్టి చీటీ ఇస్తారు. చెప్పిన సమయం కంటే ముందే చేరితే వేగంగా నడిపావని జరిమానా. ఇదే పద్ధతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం గేటు దగ్గరా పెట్టొచ్చు. కాకపోతే తిరగేసి పెట్టాలి. కొండ మీదికి తొందరగా చేరితే తప్పు, ఆడపిల్ల ఇంటికి ఆలస్యంగా చేరితే తప్పు. చీటీ మాత్రం ఒకటే, ప్రింటింగు ఖర్చు మిగులుతుంది.

2017 జనవరిలోనే అదే విశ్వవిద్యాలయంలో మహిళా సైన్స్ కాంగ్రెస్ జరిగింది. దేశంలోని లాబొరేటరీలన్నింటి నుంచీ బండ్లు తిరుపతికొచ్చాయి. ఒక్కదానికీ పర్మిటు తనిఖీ చేయలేదు. అప్పుడే ఈ విధానం వచ్చి ఉంటే ఎంత ముప్పు తప్పేది!

అసలు బండ్ల విషయంలో మాత్రం ఈ సూత్రాన్ని ఇన్నాళ్లు ఎవరూ పాటించలేదు. మా సత్యవేడు పక్కన శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. తయారైన బండిని తయారైనట్టు గేటు బయటికి తోలేస్తోంది. అజ్ఞానం. 2015లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్లు 1,46,133 మంది. ఇంతమంది పోయినా ఒక్క రవాణా మంత్రి కూడా కార్లు బయటికి తీయకండి అనలేదు. తాగి నడిపేవాణ్ని పట్టుకోండి, బ్రేకులు చూడండి, మలుపు దగ్గర బోర్డు పెట్టండి అంటారు. పాపం, స్పీకర్ గారి దగ్గర కూర్చుని ఒక్కపూట నేర్చుకుని ఉంటే ఆ లెక్క సున్నా అయ్యేది.

2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోటలో ఏం చేశారో చూశారా? పీఎస్ఎల్వీని షెడ్డులోంచి తీసి, 104 ఉపగ్రహాలను ఎక్కించి పంపారు. గంటకు 50 కిలోమీటర్లే ప్రమాదమైతే, కక్ష్యలో ఆ ఉపగ్రహాలు తిరిగే 27 వేల కిలోమీటర్ల వేగాన్ని ఏమనాలి? ఆ పంపినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. 2014లో మంగళయాన్ గెలిచిన రోజు పట్టుచీరల్లో చప్పట్లు కొడుతున్న ఇస్రో ఉద్యోగినుల ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. బండ్లే బండ్లను నడిపిన చోటు అది.

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఈ జబ్బు పాతదే. తరిగొండలో వెంగమాంబ అని ఒక బండి ఉండేది. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, తల గొరిగించుకుని మూల కూర్చోమన్నారు. ఆమె వినలేదు. ఊరు విడిచి కొండెక్కింది. వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఆమె పోయి 2017కు 200 ఏళ్లు. ఇప్పటికీ స్వామివారి ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తారు, కొండ మీద అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే. షెడ్డులో కూర్చుని ఉంటే ఏ గొడవా లేకపోయేది, పేరూ ఉండేది కాదు.

ఇంకొకటి చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. నూరేళ్ల కిందట మదనపల్లెలో ఆడవాళ్లు అబలా అభివర్ధినీ సమాజం అని పెట్టుకుని, కూర్చుని, మాట్లాడుకునేవాళ్లు. మన మహిళా పార్లమెంటుకు లాగా టెంట్లు లేవు, తెరలు లేవు, దలైలామా రాలేదు, మనీషా కొయిరాలా రాలేదు. ఐర్లండు నుంచి వచ్చి మదనపల్లె కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్‌కు ఆ కూటమి పరిచయం. 1917లో ఆమె, డొరొతీ జినరాజదాస, అనిబిసెంటు కలిసి అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడవగా ఆడవాళ్ల బృందం ఇంగ్లండు నుంచి వచ్చిన మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగింది. దొరగారు కూడా వాళ్లను ఏ షెడ్డు నుంచి వచ్చారని అడగలేదు.

దాదాపు నూరేళ్లు గడిచాక, 2017 ఫిబ్రవరి 11 శనివారం నాడు, అప్పటి మా నగరి ఎమ్మెల్యే రోజా గన్నవరంలో విమానం దిగింది. ఆమె నోటి దురుసు మీద నాకూ అభిప్రాయాలున్నాయి, ఆ సంగతి ఇంకోసారి. మహిళా ప్రజాప్రతినిధి, మహిళా పార్లమెంటుకు వస్తోంది. పోలీసులు ఆపారు. సభలో గొడవ చేస్తుందేమోనన్న ముందుజాగ్రత్తట. వాహనంలో ఎక్కించి, రోడ్డు పట్టించి, హైదరాబాదు చేర్చారు. రోడ్డెక్కిన బండిని ఇంకో బండికి తగిలించి లాక్కెళ్లి షెడ్డులో వదిలి రావడం, ఆడవాళ్లు స్వేచ్ఛగా మాట్లాడాలని పెట్టిన సభ పక్కనే! విధానం ప్రకటించిన నాలుగు రోజుల్లోపే ఇంత చక్కగా అమలైన పథకం నా ఎరుకలో ఇంకొకటి లేదు.

మహిళా రిజర్వేషన్ బిల్లు కూడా ఇట్లాగే క్షేమంగా ఉండేది. 2010 మార్చి 9న రాజ్యసభ దాటింది, లోక్‌సభ గుమ్మం ముందు పార్కు చేశారు. నాలుగేళ్లు ఒక్క గీత పడలేదు. 2014లో సభ రద్దయింది, బిల్లు తుప్పు కింద రాలిపోయింది.

ఇంతలో స్పీకర్ గారు రివర్సు గేరు వేశారు. మాటలు వక్రీకరించారట. ఆ మాటలు వీడియోలో చూశాను. నేను చూసిన ఫోను శ్రీసిటీలో బిగించిందే అయ్యుండొచ్చు. అక్కడ అప్పట్లో వేలమంది ఆడపిల్లలు షిఫ్టుల వారీగా ఫోన్లు బిగించేవారు. పుత్తూరు, సత్యవేడు, తడ, సూళ్లూరుపేట వైపు పల్లెల నుంచి చీకటితో లేచి బస్సెక్కే పిల్లలు. ఇంట్లో మొదటిసారి నెల జీతం తెచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల నాయనలు ఆ వీడియో చూశారు. వాళ్ల అన్నలు చూశారు. ఉద్యోగం మానేయమనేదానికి సాకు వెతుక్కుంటున్న ప్రతి ఇంట్లోనూ ఆ వీడియో చూశారు. "స్పీకరే అన్నాడు గదే" అన్న మాట ఆ పిల్లల ఎదుట ఎన్ని ఇళ్లలో లేచి ఉంటుందో ఆయనకు తెలిసిందా?

ఇక బండి భాష చాలు. ఆ భాషలో ఒక్క ముక్క దొరకడం లేదు: గుద్దినవాడు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే పోలీసు మొదట అడిగేది గుద్దినవాడెవడని. ఈ ఉపమానం మొత్తంలో వాడు లేడు. వాడు వానలాగా, పిడుగులాగా ఊరికే పైనుంచి పడతాడు, తడవకుండా ఉండాల్సింది ఆమెనట.

వాడెవడో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలోనే ఉంది. 2015లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 34,651. వాటిలో 33,098 కేసుల్లో నిందితుడు ఆమె ఎరిగినవాడే. బంధువు, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు, పని ఇచ్చినవాడు. అదే ఏడాది భర్త, అత్తింటివాళ్ల హింస మీద నమోదైన కేసులు 1,13,403. కేసు పెట్టడానికి గడప దాటగలిగినవాళ్ల లెక్క ఇది. అయ్యా స్పీకర్ గారూ, ప్రమాదం జరిగేది షెడ్డులో. మీరు పొమ్మన్నది అక్కడికి.

చిత్తూరు మేయరు కటారి అనూరాధను 2015 నవంబరు 17న కాల్చి చంపారు. నడిరోడ్డు మీద కాదు. అర్ధరాత్రి కాదు. పట్టపగలు, నగరపాలక సంస్థ కార్యాలయంలో, మేయరు గదిలో, ఆమె పనిలో ఉండగా. వచ్చినవాళ్లు బురఖాలు వేసుకుని వచ్చారు. కేసులో ప్రధాన నిందితుడు ఆమె భర్తకు మేనల్లుడు. ఆమె అప్పటి అధికార పార్టీ మేయరు, మీ పార్టీ మనిషే. ఆమె ఎంత వేగంతో పోతోందని అడుగుతారా? 50 అంటారా, 100 అంటారా? గడప దాటకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ మేనల్లుడికి ఇంటి దారి తెలియదా?

మాటలు వక్రీకరించారన్నారు కాబట్టి సరిచేసే అవకాశమూ మీకే ఉండేది. అప్పుడు వెలగపూడిలో కొత్త అసెంబ్లీ సిద్ధమవుతూ ఉండేది. అక్కడ ఎవరి మైకు మోగాలో, ఎవరిది ఆగాలో నిర్ణయించేది మీరే. మొదటి రోజు ఆ కుర్చీలో కూర్చుని, రికార్డుల్లోకి ఎక్కేలా, ఆడపిల్లను వేధిస్తే తప్పు వేధించినవాడిదేనని, ఆమె బయటికి రావడం దానికి కారణం కాదని చెప్పి ఉండాల్సింది. అంతకు ముందు ఏడాది పాటు మీరు సస్పెండు చేసి బయట నిలబెట్టిన నగరి ఎమ్మెల్యేను ఆ రోజు గన్నవరంలో ఎవరూ ఆపకుండా చూసి ఉండాల్సింది. ఆమె కూడా వినాల్సింది.